బాహుద తిరిగి ఇచ్చిన చేతులు

కాణిపాకం ఐరాల మండలంలోది. అక్కడి బావిలో వెలసిన వినాయకుడి గురించీ, అబద్ధమాడినవాడు ఆయన ముందు ప్రమాణం చెయ్యడానికి జంకుతాడనీ మనందరికీ తెలుసు. పక్కనున్న బాహుదా నదిని మాత్రం అంతగా పట్టించుకోం. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. తమ్ముడు లిఖితుడు అన్న తోటలో అడక్కుండా పండు కోసుకుని తిన్నాడు. అది దొంగతనమే, వెళ్ళి రాజు చేత శిక్ష వేయించుకోమన్నాడు అన్న. రాజు రెండు చేతులూ నరికించాడు. తరువాత నదిలో మునిగితే చేతులు మళ్ళీ మొలిచాయి. బాహువులిచ్చింది కనుక బాహుద అయింది.

ఈ కథ మహాభారతం శాంతిపర్వంలోనూ ఉంది. ఇంత తపశ్శక్తి ఉన్నవాడివి ముందే నన్నెందుకు శుద్ధి చెయ్యలేదని తమ్ముడు అడుగుతాడు. శిక్షించడం రాజు పని, నాది కాదంటాడు అన్న. ధర్మశాస్త్రం ప్రకారం సరైన జవాబే కావచ్చు. నాకెందుకో మనసొప్పదు. ఒక్క పండుకి రెండు చేతులా! అదలా ఉంచండి. చేతులొచ్చాక లిఖితుణ్ణి ఊళ్ళోవాళ్ళు ఎలా చూశారు? వదినగారు ఆకు వేసి అన్నం పెట్టిందా? కథలో ఆ ముక్క లేదు.

ఇప్పుడు బాహుద పని శాస్త్రజ్ఞులు చెయ్యబోతున్నారు. నానబెట్టిన సబ్జా గింజ చుట్టూ మెత్తని పొర పడుతుంది చూడండి, నీటిని తనలో నిలుపుకునే అలాంటి పదార్థాన్నే హైడ్రోజెల్ అంటారు. దానికి కరెంటు పారే గుణం ఉన్న పదార్థాలు కలిపి, దెబ్బతిన్న నరానికీ గుండెకీ అతకాలని ప్రయత్నం. ప్లాస్టిక్ జాతి పదార్థంలోనూ కరెంటు పారించవచ్చని 1977లో చూపినవారికి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

గుండెకి కరెంటేమిటని అడుగుతారేమో. గుండె కణాలన్నీ ఒకదానికొకటి చిన్న విద్యుత్ కబురు అందించుకుంటూ ఒక్క తాళానికి కొట్టుకుంటాయి. గుండెపోటు వస్తే కొంత కండ చచ్చి మచ్చ కడుతుంది. ఆ మచ్చ గుండా కబురు పోదు. పక్కింటివాళ్ళు తలుపు వేసుకున్నట్లే. ఈ జిగురు ముద్ద ఆ కబురుని అవతలికి చేరవేస్తుందని ఆశ. ఎలుకల్లో, పందుల్లో ప్రయోగాలు ఆశాజనకంగా ఉన్నాయి. మనుషులకి మామూలు వైద్యంగా ఇంకా రాలేదు.

వస్తుందనే అనుకుందాం. అతికించడంతో పని అయిపోతుందా?

చిత్తూరికి పొరుగునే ఉన్న రాయవేలూరులో, పాల్ బ్రాండ్ అనే డాక్టరు 1946లో క్రైస్తవ వైద్య కళాశాలలో చేరాడు. కుష్ఠు వల్ల వంకరపోయి ముడుచుకున్న వేళ్ళని, పనిచేస్తున్న కండర తంతువుల్ని దారి మళ్ళించి తెరిపించాడు. అది చిన్న విషయం కాదు. కానీ కొందరు రోగులు తిరిగొచ్చి మొర పెట్టుకున్నారట. బాగైన చేతులు చాస్తే బిచ్చం పడటం లేదు, పాత జబ్బు తెలిసినవాళ్ళు పని ఇవ్వడం లేదు అని. అందుకే ఆయన అక్కడే వాళ్ళకి వడ్రంగం వంటి పనులు నేర్పించే ఏర్పాటు చేశాడు. శస్త్రచికిత్స కంటే అదే గొప్పదనిపిస్తుంది నాకు. కత్తి పట్టేవాడికి ఆ బాధ్యత ఉందని ఎవరూ అనలేదు. శంఖుడిలా, అది నా పని కాదని ఊరుకోవచ్చు కూడా.

ఇక మన ఇళ్ళకి రండి. ఇంటి ఇల్లాలికి గుండెపోటు వస్తే నెల రోజులు అందరూ కాళ్ళకీ చేతులకీ అడ్డం పడతారు. కూతురు ఊరినుంచి వస్తుంది, ఆయనగారు కాఫీ కలపడం నేర్చుకుంటారు. డాక్టరు "బాగుంది" అన్న మాట చెవిన పడిందో లేదో, మర్నాడు తెల్లవారుజామున వంటింట్లో దీపం వెలిగించేది ఆవిడే. జబ్బుగా ఉన్నన్నాళ్ళే ఆవిడకి సెలవు. బాగుపడటమంటే మళ్ళీ ఆ బిందెలూ, ఆ రుబ్బుడూనా? అలాగైతే బాగుపడటానికి ఆవిడకి కాస్త భయం వెయ్యదూ?

రేపు మచ్చ మీద పల్చటి పొర అతికి, గుండె మళ్ళీ తాళంలో కొట్టుకుంటుంది. మందుల చీటీలో అడుగున, ఎప్పటిలాగే, బరువులు ఎత్తరాదని డాక్టరు రాస్తాడు. ఆ వరస ఇంట్లో నలుగురికీ వినపడేలా ఎవరు చదువుతారు?