మరుగుదొడ్డి మాట ఎత్తుట అమర్యాదా?



ఈ పత్రికలో ఇటువంటి సంగతి వ్రాయవచ్చునా అని మేము కొంత సంకోచించితిమి. అయితే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి మా ఇంటికి వచ్చి చెప్పిన మాటలు విన్నప్పుడు, వ్రాయక తప్పదని తోచినది.

ఆమెది కర్నూలు వైపు నుండి బ్రతుకుతెరువు కొరకు బళ్లారి వచ్చిన కుటుంబము. జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట మిషను మీద పనిచేయుచున్నది. అక్కడ ఆడవారికున్న ఒకే మరుగుదొడ్డికి పైపు పగిలి, తలుపునకు తాళము పడి తొమ్మిది రోజులైనది. సూపర్‌వైజరును అడిగితే, "నాలుగు రోజులు సర్దుకోండమ్మా" అన్నాడట. సర్దుకొనుట అంటే ఏమిటి? ఉదయము ఇంట టీ మానుట, పనిలో నీళ్లు త్రాగకుండుట, భోజనపు గంట వరకు బిగబట్టుకొనుట. చివరకు మూత్రములో మంట, జ్వరము, మందుల ఖర్చు. పైగా రెండు దినముల కూలి పోయినది. ఆమె మమ్మును అడిగినది ఒక్కటే: "పెద్దయ్యా, గట్టిగా అడిగితే సణిగినట్లవుతుందా? ఓర్చుకోవడమే మంచిదా?"

ఓర్పు గొప్ప గుణమే, కాదనము. అయితే దేనికి ఓర్చుకొనుచున్నామో చూడవలెను. ఎండకు ఓర్చుకొందుము, కరువుకు ఓర్చుకొందుము. బళ్లారి వారికి ఆ రెండును క్రొత్త కావు. పగిలిన పైపు అటువంటిది కాదు. దానిని బాగుచేయించగలవాడు ఒకడున్నాడు, చేయించుట అతని బాధ్యత. అతని అలక్ష్యమును మన ఓర్పుతో కప్పిన యెడల అది ఓర్పు అనిపించుకొనదు. మన ప్రక్కన కూర్చుండి నీళ్లు త్రాగక ఎండిపోవు మరియొక స్త్రీకి కూడ అన్యాయమగును. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో పాళెము వెలుపల బహిర్భూమికి ఒక చోటు ఉండవలెననియు, మట్టితో కప్పవలెననియు ఆజ్ఞ ఉన్నది. దేవుడే దానిని చెప్పదగని మాటగా ఎంచనప్పుడు, మనకు సిగ్గెందుకు?

చట్టము కూడ ఈ మాట స్పష్టముగానే చెప్పినది. 1948 ఫ్యాక్టరీల చట్టము 19వ సెక్షను ప్రకారము కార్మికులు పనిచోటులో ఉన్నంతసేపు, ఏ వేళనైనను, మరుగుదొడ్డి వారికి అందుబాటులో ఉండవలెను. స్త్రీలకు, పురుషులకు వేరువేరుగా, మరుగు గలవిగా, వెలుతురు గలవిగా, శుభ్రముగా ఉండవలెను. 'కట్టించితిమి గదా' అంటే చాలదు. తాళము పడిన దొడ్డి అందుబాటులో ఉన్నట్లు కాదు. ఆ చట్టము క్రింద రాష్ట్రములు చేసిన నియమాలలో ఇరవై ఐదుగురు స్త్రీలకు ఒక మరుగుదొడ్డి అనునది సాధారణపు లెక్క. ఆ చట్టము స్థానములో వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడ్, 2020 వచ్చి, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. దాని 23వ సెక్షను కూడ ఈ ఏర్పాటును, దాని శుభ్రతను యజమాని బాధ్యతగానే ఉంచినది. ఆరోగ్య రక్షణకు ఏర్పాటు చాలనప్పుడు యజమానికి చెప్పుకొను హక్కు ఉద్యోగికి 14వ సెక్షను ఇచ్చినది. గనుక ఆ సహోదరి అడిగినది దయ కాదు. కూలివలెనే అదియు ఆమెకు రావలసినదే.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఆ కోడ్ సాధారణముగా పదిమంది, అంతకు పైబడి పనిచేయు చోట్లకే వర్తించును. మన బళ్లారిలో కుట్టుపని ఎంతో భాగము చిన్న షెడ్లలో, అద్దె ఇండ్లలో జరుగుచున్నది. నాలుగు మిషన్లు పెట్టుకొన్నవారు మన సంఘములలోనే ఉన్నారు. ఆ కోడ్ తమ గడప దాటి రాదు గనుక తమకు బాధ్యత లేదని వారు అనుకొనవచ్చునా? తొమ్మిదిమంది ఉన్న చోట శరీరము వేరు, పదిమంది ఉన్న చోట వేరు కాదు గదా. చట్టము ఆగిన చోట మనస్సాక్షి మొదలు కావలెను.

'అడుగనిదే అమ్మయినా పెట్టదు' అని మన పెద్దలు చెప్పిరి. కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి దుకాణములలో పనిచేయు స్త్రీలు అట్లే అడిగిరి. వారికి కూర్చుండుటకు వీలు లేదు, మరుగుదొడ్డి లేదు. పి. విజి అను దర్జీ స్త్రీ 'పెణ్‌కూట్టు' అను సంఘముగా వారిని కూర్చినది. 2018లో ఆ రాష్ట్రము దుకాణముల చట్టమును సవరించి, పనివారికి కూర్చుండు వసతి కల్పించవలెనని విధించినది. ఒక్కతె అడిగితే సణుగుడు అన్నవారు, పదిమంది కలిసి అడిగితే ఆలకించిరి.

అయితే అడుగువారు కూడ మరువరాని మాట ఒకటి ఉన్నది. దొడ్డి బాగుపడవలెనంటే, దానిలో చేయి పెట్టువాడు ఎవడు? ఈ కర్ణాటకలోనే, కోలారు బంగారు గనులలో, 1966లో ఒక తెలుగు కుటుంబములో బెజవాడ విల్సన్ గారు పుట్టిరి. తండ్రి పారిశుద్ధ్య కార్మికుడు. గనుల కాలనీలలోని దొడ్లను మనుష్యులే చేతులతో ఎత్తి శుభ్రము చేయుట చూచి ఆయన ఏడ్చిరి, ఎదిరించిరి. తరువాత సఫాయి కర్మచారి ఆందోళన్ స్థాపకులలో ఒకరైరి. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము వచ్చినది. ఆ సంస్థ వేసిన దావాలోనే సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, మురుగు కాలువలలో చనిపోయినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయల పరిహారము ఇవ్వవలెనని తీర్పు చెప్పినది. 2023లో కోర్టు దానిని 30 లక్షలకు పెంచినది. 2013 చట్టము రక్షణ సామగ్రి లేకుండ సెప్టిక్ ట్యాంకులోనికి మనిషిని దింపుటను నిషేధించినది. మన హక్కు కొరకు మరియొకని చేతిని మలములో పెట్టించిన యెడల, మనము గెలిచినదేమి?

ఇక మా తప్పు ఒప్పుకొనవలెను. ఉపాధ్యాయ శిక్షణ ముగించి మేము ఒక పాఠశాలలో పనిచేసిన కాలమున, అక్కడ పనిచేయు దొడ్డి ఒక్కటే ఉండెను. దాని తాళపుచెవి ఉపాధ్యాయుల బల్ల సొరుగులో ఉండెడిది. ఊడ్చుటకు వచ్చు ఆయమ్మ ఆ దొడ్డిని ప్రతి ఉదయము కడిగెడిది, కాని తన అవసరమునకు దూరపు పొలము వైపు నడిచిపోయెడిది. అది మేము సంవత్సరముల తరబడి చూచితిమి. ఒకనాడైనను తాళపుచెవి ఆమె చేతికి ఇవ్వలేదు. ఏ చట్టమును చూచి మానలేదు, ఏ దురుద్దేశముతోను మానలేదు. మాకు తోచనేలేదు, అంతే. తోచకపోవుటయే మా పాపము.

కాబట్టి ఆ సహోదరికి మేము ఇట్లు చెప్పితిమి: "అమ్మా, అడుగు. ఒంటరిగా వద్దు, తోటివారితో కలిసి, తేదీ వేసి, మర్యాదగా కాగితము మీద వ్రాసి ఇవ్వండి. ఒక నకలు దగ్గర ఉంచుకొనండి. వినకపోతే కార్మిక శాఖ అధికారికి చెప్పండి. బాగుచేయువానికి చేతి తొడుగులు, యంత్రము ఇమ్మని కూడ అందులోనే వ్రాయండి."

మీకు మా మనవి వేరు. వచ్చే ఆదివారము మందిరము వెనుకకు వెళ్లి చూడండి. దొడ్డి పనిచేయుచున్నదా? నీళ్లున్నవా? తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నది? మందిరము ఊడ్చు ఆమెను అడగండి. ఆమెకు తెలిసియుండును.