నీ మంచికే!

ఈ లోకంలో ఎక్కువ మందిని బాధపెట్టిన మాట ఏమిటంటే, తిట్టు కాదంటాను నేను. "నీ మంచికే చెబుతున్నా" అన్న మాట. తిట్టుకి తిరిగి తిట్టవచ్చు. మంచికి ఏమని ఎదురు చెబుతాం? నోరు మూసుకుని వినాలి. ఈమధ్య శాస్త్రజ్ఞులు లోహపు రేణువులతో చేసే పరీక్షల గురించి చదువుతూంటే ఈ మాటే పదే పదే గుర్తుకొచ్చింది. లోహానికీ మంచికీ ఏమిటి సంబంధం అంటారా? చెబుతాను.

శ్రీకాకుళం జిల్లాలో బుడితి అనే వూరుంది. కంచు, ఇత్తడి పనికి పేరుపడ్డ వూరు. ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రాగిలో తగరం కలిపితే కంచు, తుత్తునాగం కలిపితే ఇత్తడి. రాగీ మెత్తనే, తగరం అంతకన్నా మెత్తన. రెండు మెత్తనివీ కలిస్తే ఖంగున మోగే గట్టి కంచు వస్తుంది. కాపురంలాంటిదే సుమండీ ఇదీను. కలిశాక వచ్చిన గుణం ఎవరి పుట్టింటిదీ కాదు!

ఇప్పుడు ప్రయోగశాలల్లోనూ లోహాలకి పెళ్ళి చేస్తున్నారు. కొలిమి లేదు, సుత్తి లేదు. వెండి, రాగి లాంటి రెండు లోహాల లవణాలు నీళ్ళలో కరిగించి, అందులో ఏదో రసాయనం, ఒక్కొక్కప్పుడు వేపాకు, తులసాకు కషాయం లాంటిది కూడా పోస్తారు. లోహం అణువులన్నీ చేరి రేణువులవుతాయి. ఎంత రేణువులు? మిల్లీమీటరుని పదిలక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. ఈ రేణువులు వంద నానోమీటర్లకు లోపే. మన తలవెంట్రుక మందమే సుమారు ఎనభైవేల నానోమీటర్లు. ఇంత చిన్నవి దేనికంటే, కొబ్బరిచెక్కని నీళ్ళలో పడేస్తే పాలు రావు, కోరితే వస్తాయి కదా! అలాగే లోహాన్ని ఎంత చిన్నది చేస్తే దాని శక్తి అంతగా బయటపడుతుంది. ఆ శక్తితో రోగక్రిముల్నీ, క్యాన్సరు కణాల్నీ చంపాలని ఆశ.

నాకు నచ్చిందేమిటంటే ఆ తర్వాత వాళ్ళు చేసే పని. రేణువులు క్యాన్సరు కణాల్ని చంపాయని సంబరపడి అక్కడే ఆగిపోరు. ఒక గుంటలో జబ్బు కణాలు పెడితే, పక్క గుంటలో ఆరోగ్యమైన కణాలు పెడతారు. రెండింటిలోనూ అవే రేణువులు, అదే మోతాదు. తర్వాత ఒక పసుపుపచ్చ రంగు పోస్తారు. బతికున్న కణం దాన్ని ఊదారంగుగా మారుస్తుంది, చచ్చినది మార్చలేదు. 1983 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది. మొదటి గుంటలో రంగు మారకుండా, రెండో గుంటలో చక్కగా ఊదారంగు వస్తే ఆశ పెట్టుకోవచ్చు. రెండు చోట్లా మారకపోతే అది మందు కాదు, విషం. చంపటం పెద్ద విద్య కాదన్నమాట. ఎవరిని వదిలిపెట్టాలో తెలియటమే విద్య.

మరి మన మంచికి ఈ రెండో గుంట పరీక్ష ఎప్పుడైనా పెట్టామా?

ఇత్తడి సంగతే చూడండి. 2005లో ఇంగ్లండులోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయానికి చెందిన రాబ్ రీడ్, ఆయన సహచరులూ విరేచనాలు పుట్టించే జాతి క్రిములున్న నీళ్ళు ఇత్తడి పాత్రల్లో పోసి చూశారు. రెండు రోజులకి లెక్కకి అందకుండా పోయాయి. చూశారా, మన పెద్దవాళ్ళ గొప్ప అని మనం చంకలు గుద్దుకోవచ్చు. కాని అదే ఇత్తడికి ఇంకో కథ ఉంది. ఒకప్పుడు మన దేశంలో పసిపిల్లల కాలేయం గట్టిపడి ప్రాణం తీసే జబ్బొకటి ఉండేది. కళాయి లేని ఇత్తడి గిన్నెల్లో కాచి నిలవుంచిన పాలలోకి దిగిన రాగికీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని 1980లలో పుణే వైద్యులూ, వాళ్ళతో పనిచేసిన బ్రిటిష్ వైద్యులూ చూపించారు. గిన్నెలు మారాక జబ్బూ అరుదైపోయింది. నీళ్ళలో క్రిమిని చంపిన రాగే పాలలో దిగి పసివాడి మీద పడిందన్నమాట.

ఆ తల్లులది పాపమా? చచ్చినా కాదంటాను. బిడ్డకి పాలు కాచటం కన్నా ప్రేమ ఏముంటుంది? కాని ప్రేమ ఉన్నంత మాత్రాన రాగి కరగటం మానలేదు. మన ఉద్దేశం ఎంత మంచిదో గిన్నెకి తెలియదు. మా విజయనగరంలో కళాయివాడు ఒకడు అనేవాడు: "పులుపు తగిల్తే ఇత్తడి ఊరుకోదమ్మా, ఇసం కక్కుతాది. కళాయి ఏసుకోవాల." ఇత్తడి చెడ్డదని అతను అనలేదు. మంచికి కూడా ఒక పూత కావాలన్నాడు. తెలియక చేసినదానికి శిక్ష లేదు, సరే. తెలుసుకునే వీలుండీ "నా ఉద్దేశం మంచిది" అని కూర్చుంటేనో?

లోకం మంచి కోసమని పరీక్షలు చేసేవాళ్ళు కూడా ఈ ప్రశ్న తప్పించుకోలేరు. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే కణాల్లో 'హీలా' అనేవి ఒక రకం. అవి హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీవి. అయిదుగురు పిల్లల తల్లి. 1951లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుకి చికిత్స చేస్తూ, ఆమెని అడగకుండానే ఆ కణాలు తీశారు. ముప్ఫైయొక్క ఏళ్ళకి ఆమె పోయింది, కణాలు ఇప్పటికీ పెరుగుతూనే ఉన్నాయి. పోలియో టీకా పరీక్షకి పనికొచ్చాయి, కోట్ల పిల్లలకి మేలు జరిగింది. కాని ఇంటివాళ్ళకి ఇరవై ఏళ్ళు దాటేదాకా ఆ సంగతే తెలియదు. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీ 2023లో ఆ కుటుంబంతో రాజీ చేసుకుంది. మేలు అబద్ధం కాదు. అడగకపోవటమూ అబద్ధం కాదు. ఒకటి చూపించి రెండోది చెరిపెయ్యలేం.

కోడలి చదువు ఆపించినా, కూతురికి ఇష్టంలేని సంబంధం ఖాయం చేసినా, ముసలావిణ్ణి ఊరునుంచి తెచ్చి మూడో అంతస్తులో కూచోబెట్టినా మనం చెప్పే కారణం ఒకటే, "నీ మంచికే". అబద్ధమేం కాదు, నిజంగానే మంచి తలచి ఉంటాం. కాని ఆ మనిషి మొహంలో రంగు ఏమైందో చూశామా? అసలు అడిగామా?

రేపు ఏ డబ్బా మీదో "నానో" అన్న మాట కనపడితే, రెండో గుంటలో ఏమైందో చెప్పమని మనం తప్పకుండా అడగాలి. ఇంట్లో మాత్రం అంతవరకు ఆగక్కర్లేదు. అక్కడ అడిగితే చెప్పే మనిషి మన ఎదురుగానే ఉంటుంది.