పన్ను పీకించకు నాయనా, ముందు నరం సంగతి చూడు

నాయనా,

మీ అమ్మ అమెరికా వచ్చి ఈ బాతెల్‌లో దిగిన దగ్గర్నుంచీ కుడి చెంప మీద చెయ్యి వేయనివ్వడం లేదనీ, పళ్ళు తోముకోవాలంటే వణికిపోతోందనీ, అన్నం ఎడమ వైపే నములుతోందనీ చెప్పావు. మొన్న గుళ్ళో నేనూ చూశాను. బయట చలిగాలి తగిలీ తగలగానే మాట మధ్యలో ఆపేసి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. అర నిమిషంలో మళ్ళీ మామూలు మనిషై కోడలితో కబుర్లలో పడింది. అడిగితే ‘పన్ను పోటులే’ అంది. ఊరెళ్ళగానే దవడ పన్ను పీకించేసుకుంటానని కూడా అంటోందట. ఆ మాట విన్నాకే ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆ పన్ను జోలికి వెళ్ళనివ్వకు. పన్ను నొప్పి అయితే గంటల తరబడి సలుపుతుంది, వేడిది తాగితే ఎక్కువవుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. మీ అమ్మకి, అంటే మా వదినకి, వచ్చేది అలాంటిది కాదు. కరెంటు షాకు కొట్టినట్టు వస్తుంది, కొన్ని క్షణాలో మహా అయితే రెండు నిమిషాలో ఉండి పోతుంది, మధ్యలో ఏ బాధా ఉండదు. ఎప్పుడూ ఒకే వైపు. నమిలినా, మాట్లాడినా, మొహం కడుక్కున్నా, చల్లగాలి తగిలినా రేగుతుంది. దీన్ని డాక్టర్లు ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. ఏటా లక్షమందిలో నలుగురి నుంచి 13 మంది దాకా కొత్తగా దీని బారిన పడతారు. అందులో ఆడవాళ్ళు ఎక్కువ, యాభై దాటినవాళ్ళు ఎక్కువ. నొప్పి దవడలో పుట్టినట్టే అనిపిస్తుంది గనక చాలామంది ముందు పళ్ళ డాక్టరు దగ్గరికే వెళతారు. మంచి పళ్ళు ఒకటి తర్వాత ఒకటి పీకించుకుని, నొప్పి మాత్రం అలాగే మిగిలినవాళ్ళు మన వైపూ ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. పంటికి ఒక ఎక్స్‌రే తీయించు, తప్పు లేదు. అందులో ఏమీ కనిపించకపోతే మాత్రం అక్కడితో ఆగు.

అసలు జరిగేది ఏమిటంటే, మొహంలోని స్పర్శనంతా మెదడుకి మోసే ఐదో కపాల నరం ఒకటి ఉంది. అది మూడు పాయలు: ఒకటి నుదుటికి, ఒకటి చెంపకీ పై దవడకీ, ఒకటి కింది దవడకి. మెదడు కాండం నుంచి ఆ నరం బయటికొచ్చే చోట ఒక రక్తనాళం దాన్ని ఆనుకుని, ప్రతి గుండె చప్పుడుకీ తడుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ ఒరిపిడికి నరం మీది పొర అరిగిపోతుంది. తొడుగు ఊడిన కరెంటు తీగ మరో తీగకి తగిలితే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది. చిన్న స్పర్శ పెద్ద షాకవుతుంది. కొద్దిమందిలో కారణం వేరే ఉండొచ్చు: ఒక గడ్డ కావచ్చు, మల్టిపుల్ స్క్లెరోసిస్ కావచ్చు. అందుకే ఎంఆర్ఐ తీయిస్తారు. మొహం మొద్దుబారినా, రెండు వైపులా నొప్పి వచ్చినా, చెవి వినికిడి తగ్గినా ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఇది పక్షవాతమేమో అని కోడలు బెంగ పడుతోందన్నావు. కాదు. మూతి వంకర పోయేది ఏడో నరం దెబ్బతిన్నప్పుడు. అది వేరు, ఇది వేరు.

మందు ఉంది నాయనా, అదే నాకు ధైర్యం. కార్బమజెపిన్ అని, నిజానికి ఫిట్స్‌కి వాడేది. 1962లోనే స్వీడన్‌లో ఈ నొప్పికి పనిచేస్తుందని చూశారు. ఇవాళ్టికీ మొదట ఇచ్చేది అదే. చీటీ చూసి ‘నాకు ఫిట్సా?’ అని వదిన కంగారు పడుతుంది, ముందే చెప్పి ఉంచు. మామూలు నొప్పి బిళ్ళలు, నువ్వు ఇంట్లో దాచుకున్న ఐబుప్రొఫెన్‌తో సహా, దీనికి పనికిరావు. కార్బమజెపిన్ తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదట్లో మగత, తల తిరుగుడు ఉంటాయి గనక మీ ఇంటి మెట్ల మీద ఒంటరిగా దిగనివ్వకండి. రక్తంలో సోడియం పడిపోవచ్చు; వదినకి బీపీ బిళ్ళలు ఉన్నాయి కదా, అందులో నీరు తీసే మందు ఉందేమో డాక్టరుకి చూపించాలి. మందు పనిచేసింది కదా అని ఒక్కసారిగా మానేయకూడదు.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. 2007లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందు గురించి ఒక హెచ్చరిక చేసింది: ఆసియా మూలాలున్నవాళ్ళకి మొదలుపెట్టే ముందు హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యు పరీక్ష చేయించాలని. ఆ జన్యువు ఉన్నవాళ్ళకి ఒళ్ళంతా చర్మం ఊడివచ్చే ప్రమాదకరమైన రియాక్షన్ వచ్చే అవకాశం ఎక్కువ. డాక్టరు తనంతట తాను చెప్పకపోతే నువ్వే అడుగు. మందు మొదలయ్యాక ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుళ్ళు, జ్వరం కనిపిస్తే మర్నాటి దాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు.

మందు పడకపోయినా దారులున్నాయి. చెవి వెనక ఎముకలో చిన్న కిటికీ తెరిచి, నరానికీ రక్తనాళానికీ మధ్య టెఫ్లాన్ దూది పెట్టే ఆపరేషన్‌ని పిట్స్‌బర్గ్‌లో పీటర్ జానెట్టా అనే సర్జన్ నిలబెట్టాడు. 1996లో ఆయన బృందం 1,185 మంది రోగుల లెక్క ప్రచురించింది. పదేళ్ళ తర్వాత కూడా దాదాపు నూటికి 70 మంది మందుల్లేకుండా హాయిగా ఉన్నారు. తల తెరవడం వద్దనుకుంటే గామా నైఫ్ రేడియేషన్ ఉంది. గుణం కనిపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇవి ఇప్పుడే వదిన ముందు పెట్టకు. నీ మనసులో ఉంచుకో.

ఇక ఖర్చు సంగతి. అమ్మ వచ్చేముందు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం తీసి చదువు. పాత జబ్బులకి చాలా పాలసీలు డబ్బివ్వవు, ఈ నొప్పి ఊళ్ళో ఉన్నప్పుడే మొదలైందా అని అడుగుతారు. నిజమే చెప్పు. కార్బమజెపిన్ జెనరిక్ ఖరీదైనది కాదు, డాక్టరు ఫీజు చేతి డబ్బులతో ఇవ్వగలం. పెద్ద ఆపరేషన్ మాట వస్తే హైదరాబాద్ నిమ్స్‌లోనూ న్యూరోసర్జన్లున్నారు, తొందరపడి అప్పు చెయ్యొద్దు.

ఇంతా రాశాక అసలు మాట చెప్పాలి. మీ అమ్మ ‘అబ్బే, ఏం లేదు’ అంటుంది. నువ్వు నమ్మకు. మనింటి ఆడవాళ్ళు నొప్పి చెప్పుకోవడం తప్పనుకుంటూ పెరిగారు. మన పక్కనే సియాటిల్‌లో, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో, జాన్ బోనికా అనే డాక్టరు ఉండేవాడు. ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు, ఆ దెబ్బల నొప్పులతోనే బతికినవాడు. నొప్పికి ప్రత్యేకంగా వైద్యం చేయాలని జీవితమంతా వాదించాడు. 1973లో ప్రపంచం నలుమూలల నుంచి నొప్పి మీద పనిచేసేవాళ్ళని ఇస్సక్వాలో సమావేశపరిచాడు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం అక్కడే మొలకెత్తింది. ఆ ఊరు మీ ఇంటి నుంచి కారులో వెళ్ళొచ్చేంత దూరం. అలాంటి చోట ఉండి మన మనిషి పళ్ళు బిగించి ఓర్చుకోవడం నాకు భరించలేనిది.

ఇంటర్నెట్‌లో ఈ జబ్బుకి ఒక భయంకరమైన పేరు కనిపిస్తుంది, చావుతో ముడిపెట్టిన పేరు. అది అమ్మ చెవిన పడనివ్వకు. సల్మాన్ ఖాన్‌కి కూడా ఇదే వచ్చి, 2011లో అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్నాడని చెప్పు. ఆవిడకి అతని సినిమాలు ఇష్టం. అయితే ‘ఈ బతుకెందుకురా’ అని ఎప్పుడైనా అంటే, మాటవరసకి అందనుకోకు. వెంటనే డాక్టరుకి చెప్పు, రాత్రి వేళ అయితే 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి.

న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్‌కి వారాలు పట్టొచ్చు. ఈలోగా ఫ్యామిలీ డాక్టరుకి చూపించు, మందు వాళ్ళు కూడా మొదలుపెట్టగలరు. నొప్పి ఏ రోజు, ఏం చేస్తుండగా, ఎన్నిసార్లు వచ్చిందో ఒక కాగితం మీద రాయించు. ఆవిడ వాడే బిళ్ళలన్నీ సంచిలో వేసుకో. కోడలిని పప్పుచారు అన్నం మెత్తగా పిసికి గోరువెచ్చగా పెట్టమను. డాక్టరు టైము ఇవ్వగానే నాకు ఫోన్ చెయ్యి, కారు నేను నడుపుతాను. నువ్వు వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చుని, ఏసీ గాలి ఆవిడ మొహానికి తగలకుండా చూడు.

మీ బాబాయి