పక్కన కూర్చుని నేర్పు నాయనా

నాయనా, నువ్వూ నీ స్నేహితులూ కలిసి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను మామూలు జనం దగ్గరికి తీసుకుపోవాలని పూనుకున్నారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పెద్దవాణ్ణి గనక నాకు తోచిన నాలుగు మాటలు చెప్తాను, విను.

డబ్బు పెట్టక్కర్లేదన్న మాటతో మొదలుపెట్టకు. బస్టాండు దగ్గర జిరాక్సు అంగడి ఆయన విండోస్‌కు ఎన్నడూ డబ్బు కట్టి ఉండడు. మిషను అమ్మినవాడు ఏదో ఒక కాపీ ఎక్కించి ఇచ్చి ఉంటాడు. ఆయన దృష్టిలో అదీ ఊరికే వచ్చిందే, ఇదీ ఊరికే వచ్చేదే. ఆయన దిగులల్లా ప్రింటరు తిరుగుతుందా లేదా, రేపు పొద్దున వచ్చే గిరాకీ నిలబడుతుందా లేదా అని. ఆ దిగులుకు జవాబు చెప్పు, చాలు.

ఇప్పుడు మంచి అదును కూడా వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలి. అంగళ్లలో, ట్యూషన్లలో ఉన్న పాత మిషన్లు చాలావాటికి ఆ అర్హత లేదు. బాగా పనిచేస్తున్న పెట్టెను పారేయాలా అని అడిగేవాళ్లు వస్తారు. నాలుగు జీబీ ర్యామున్న మిషన్లో, విండోస్‌కు బదులు వాడే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ చక్కగా నడుస్తుంది. అలాంటివాళ్ల దగ్గరికే ముందు పో.

పోయిన వెంటనే డిస్కు చెరపొద్దు. లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవు పెట్టి, దాని మీంచే మిషన్ లేపు. డిస్కు జోలికి పోకుండా మొత్తం చూపించవచ్చు. ఆయన ప్రింటర్లోనే ఒక కాగితం తియ్యి. ఆయన ఆధార్ కార్డే స్కాన్ చెయ్యి. ఆయన రోజూ రాసుకునే ఎక్సెల్ లెక్కల పుస్తకం లిబ్రేఆఫీస్‌లో తెరిచి, కూడికలు సరిపోయాయో లేదో ఆయన్నే చూడమను. కీబోర్డు తెలుగుకు మార్చి ఆయన పేరు ఆయన చేతే కొట్టించు. ఇందులో ఏది పనిచేయకపోయినా దాచకుండా చెప్పు. టాలీ లినక్స్‌లో నేరుగా నడవదు. వేలిముద్ర మిషన్లకు, డిజిటల్ సంతకం టోకెన్లకు డ్రైవర్లు చాలావరకు విండోస్‌నే నమ్ముకుని ఉంటాయి. అవి ఉన్నచోట విండోస్‌ను ఉండనీ. పనిచేయనిదాన్ని పనిచేస్తుందని ఒక్కసారి చెప్పావంటే, ఆ మాట వీధంతా పాకుతుంది.

అలాంటిచోట వీడియోలు చూపించే వీఎల్‌సీతో మాట కలుపు. ఆ నారింజ రంగు కోను గుర్తు లేని కంప్యూటరు మన ఊళ్లలో ఎక్కడుంది? పారిస్‌లో కాలేజీ పిల్లలు మొదలుపెట్టిన పని అది. ఇన్నేళ్లుగా మీరు నమ్మి వాడుతున్నది ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కుటుంబంలోదే అని చెప్పు. తరవాత ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, గింప్ విండోస్ మీదే పెట్టివ్వు. వాటికి చెయ్యి అలవాటైతే రేపు కిందనున్న సిస్టమ్ మారినా మనిషి బెదరడు.

పుంగనూరులో పెళ్లిపత్రికలు వేసే డీటీపీ వాళ్ల దగ్గర మరీ నెమ్మదిగా మాట్లాడు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాళ్ల అన్నం గిన్నె. దాన్ని లాగకు. అయితే ఒక్కటి చూపించు. అను ఫాంట్లతో చేసిన పాత ఫైలును ఆ ఫాంటు లేని మిషన్లో తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిషు గుర్తుల కలగాపులగం కనబడుతుంది. అదే యూనికోడులో కొట్టిన పత్రిక ఏ మిషన్లోనైనా, ఫోనులోనైనా తెలుగుగానే ఉంటుంది. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి మంచి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సులోనే దొరుకుతున్నాయి. పేజ్‌మేకర్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ ఉంది, దాని కొత్త వెర్షన్లో ఒత్తులు కూడా సరిగ్గా పడతాయి. ఒక పత్రిక నువ్వే కూర్చి, అచ్చు తీసి వాళ్ల చేతిలో పెట్టు.

కుప్పం సంగతి వేరు. అక్కడ ఒకే ఇంట్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడతాయి. లినక్స్‌లో ఒకే మిషన్ మీద ముగ్గురికి మూడు లాగిన్లు పెట్టి, ఎవరి భాషలో వాళ్లకు మెనూలు చూపించవచ్చు. ఇంతకంటే మంచి ప్రచారం నాకు కనబడదు. తెలుగు అనువాదం అన్నిచోట్లా పూర్తి కాలేదు, నడుమ నడుమ ఇంగ్లిషు తగులుతుంది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగు ఓఎస్ కోసం ఎంతో పాటుపడ్డారు. మిగిలిన పనిలో చెయ్యి వేయమని కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం పిల్లల్ని అడుగు. భాషలు చదువుకునేవాళ్లకు ఇది సొంత పని.

ఆ ఊళ్లోనే 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అని మూడేళ్ల పథకం నడిపాయి. పొదుపు సంఘాల ఆడవాళ్లకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే ప్రింటర్లు ఇచ్చి ఫోటోలు తీయడం నేర్పారు. వాళ్లు పల్లెల్లో ఫోటోలు తీసి నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు. చేతికి పని, పనికి కూలి దొరికే దారిలో నేర్పితే ఎవరైనా నేర్చుకుంటారని కుప్పం అప్పుడే చూపించింది. కానీ ఆ పథకానికి గడువు మూడేళ్లే. నువ్వు గడువు పెట్టుకోవద్దు. కేరళ బడుల్లో లినక్స్ నిలబడిందంటే, ముందు టీచర్లకు నేర్పి, అడిగినప్పుడల్లా జవాబు చెప్పే మనుషుల్ని దగ్గర ఉంచారు గనకే.

ఈ సాఫ్ట్‌వేర్‌లోని స్వేచ్ఛ గురించి ఎప్పుడు చెప్పాలంటావా? పని సాగాక, "ఇంత మంచిదాన్ని ఎవరు చేశారు, ఎందుకిచ్చారు?" అని వాళ్లే అడుగుతారు. అప్పుడు చెప్పు, 1983లో స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా సిస్టమ్‌ను ప్రకటించిన సంగతి, 1991లో టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టిన సంగతి. ఏ కంపెనీ తలుపు మూసినా మీ మిషన్ మీద హక్కు మీదే అని మనసారా చెప్పు. అప్పుడది చెవికెక్కుతుంది.

నీ కష్టానికి కూలి తీసుకో. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు వాడే జీపీఎల్ లైసెన్సు దానికి అడ్డు రాదు. తీసుకున్నందుకు, ఎక్కించిన ప్రతి మిషన్ యజమాని పేరూ ఫోను నంబరూ ఒక నోటుబుక్కులో రాసుకుని, వారం తిరిగాక ఒకసారి, నెల తిరిగాక ఒకసారి పోయి ఎలా ఉందో కనుక్కో. అంత తీరిక లేని నెలలో కొత్త మిషన్ ముట్టుకోకు.