బాలింతకు కానుక

దానమును గూర్చి మన పెద్దలు చెప్పిన మాటలకు కొదువ లేదు. ఎట్టివారి కీయవలెనో, ఎప్పు డీయవలెనో, ఇచ్చునపుడు మనస్సెట్లుండవలెనో శాస్త్రములు విస్తరించి చెప్పినవి. పుచ్చుకొనువారికి ఏమి కావలెనో వారినే యడిగి తెలిసికొనుడని చెప్పిన చోటులు మాత్రము నేను చదివినంతలో అరుదు. ఈ లోపము పెండ్లిపందిళ్ళలో అంతగా బయటపడదు. పురిటింట మాత్రము కన్నులకు గట్టినట్లు కనబడును.

క్రిందటి మార్గశిరమాసమున నేను వీరులపాటికి బోయితిని. ఈ గ్రామము 2022వ సంవత్సరమున జిల్లాలు మార్చునంతవఱకు కృష్ణాజిల్లాలోనిది. పేరు మాఱినను నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్టపొలములు మాఱలేదు, పత్తియు మిరపయు మాఱలేదు. అచ్చట మా అక్కగారి కుమార్తె తొలికాన్పునకు పుట్టింటికి వచ్చి మగశిశువును గనెను. ఇరువదియొకటవ దినమున బిడ్డను ఉయ్యాలలో వేయు శుభకార్యమునకు బంధువులందఱును కూడిరి. నేను వృత్తిచే న్యాయవాదిని గనుకను, నా చేవ్రాత కుదురుగా నుండుననియు, చదివింపుల పుస్తకము నా చేతికిచ్చిరి. ఎవరేమి చదివించిరో బిగ్గరగా చెప్పుట యొకరిపని, వ్రాయుట నా పని.

ఆ పుస్తకములో నేను వ్రాసినది జ్ఞాపకమున్నంతవఱకు ఇది: వెండి మొలత్రాళ్ళు రెండు, వెండి ఉగ్గుగిన్నెలు మూడు, అందొకటి నేనిచ్చినది, కాలికడియములు ఒక జత, శిశువునకు చిన్న యుంగరములు నాలుగు, దుస్తులు పదునాలుగు జతలు, అన్నియు మూడునెలల బిడ్డకు సరిపోవునవే, పాలసీసాలు గల అందమైన పెట్టెలు రెండు, పాలపొడి డబ్బా ఒకటి, రొక్కము కొంత. తల్లికని వచ్చినది ఒకే పట్టుచీర. గంటగంటకును పాలీయవలసినదానికి పట్టుచీర ఎంతటి సౌఖ్యమో స్త్రీలే చెప్పవలెను.

విందు ముగిసిన పిమ్మట సెలవు పుచ్చుకొనుటకై లోపలి గదికి బోయితిని. ఆమె గోడకు జేరగిలబడి కూర్చుండియుండెను. శస్త్రచికిత్స చేసి బిడ్డను దీసినందున లేచుటకును కూర్చుండుటకును ఇంకను ఒకరి ఆసరా కావలసియున్నది. “నీకింకను ఏమైన కావలెనా తల్లీ?” యని మర్యాదకొఱకు అడిగితిని. ఇట్టి ప్రశ్నకు ‘ఏమియు వద్ద’ని వచ్చు ప్రత్యుత్తరమును ముందే మనస్సులో సిద్ధపఱచుకొని అడుగుదుము గదా. ఆమె ఒక్క నిమిషము నా మొగము జూచి, “మామయ్యా, ఒక్క రాత్రి ఎవరైనా వీణ్ణి చూసుకుంటే నిద్రపోతాను. అమ్మకు నడుము పట్టేసింది, ఆవిణ్ణి అడగలేను,” అనెను. నేను తల యూపి వెలుపలికి వచ్చితిని. ఎనుబదిమంది బంధువులు వచ్చి వెళ్ళిన యింట అడుగుటకు ఒక్కరును లేకపోయిరి. పుస్తకము నా చేతిలోనే యున్నది. ఆ కోరికను వ్రాయదగిన గడి దానిలో లేదు.

కానుక యననేమి? 1882వ సంవత్సరపు ఆస్తిబదిలీ చట్టమున 122వ సెక్షను దీనికొక నిర్వచన మిచ్చినది. ఇచ్చువాడు స్వేచ్ఛగా, ప్రతిఫలము లేకుండ నీయవలెను; పుచ్చుకొనువారు అంగీకరింపవలెను. ఈ కొలతబద్దను మన పురిటి చదివింపులకు పెట్టి చూతము. స్వేచ్ఛ యనుటకు వీలు లేదు. ఈయకున్న నలుగురు నవ్వుదురు. ప్రతిఫలము లేదనుటకు అసలే వీలు లేదు. పుస్తకము పుట్టినదే ప్రతిఫలముకొఱకు. రేపు వారింట శుభకార్యమైనపుడు ఆ పుట తిరుగవేసి, ఇంతకింతయో, ఒక రూపాయి మీదవేసియో తీర్తుము. ఇక అంగీకారము సంగతి. బిడ్డను గన్నది ఆమె. పుస్తకము తండ్రి పేర నుండును. ఉంగరములు పెట్టెలో చేరును, రొక్కము విందు ఖర్చుల క్రింద పోవును. ఆమె అంగీకారమును ఎవ్వరు నడుగరు. న్యాయవాదిగా నా తీర్పు చెప్పవలసివచ్చినచో ఇది కానుక కాదు, వడ్డీ తెలియని చేబదులు.

అయినను చదివింపులను మొత్తముగా దూషించుట సంస్కర్తలకు సులభమైన పని గనుక అది న్యాయమా యని నిలిచి యోచింపవలెను. ఫ్రాన్సుదేశపు మార్సెల్ మోస్ అను పండితుడు కానుకలను గూర్చి 1925లో ప్రకటించిన వ్యాసమున, ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి యిచ్చుట అనునవి పలు సమాజములలో మనుష్యులను ఒండొరులతో ముడివేయు బంధములుగా నున్నవని చూపెను. మన మెట్టప్రాంతములలో బ్యాంకి గుమ్మము తొక్కని కుటుంబములకు ఈ పుస్తకమే ఆపద్ధనము. ఖర్చు మీదబడినపుడు పదుగురి సొమ్ము ఒక్కచోట జేరును. దానిని కాదనను. నేను కాదనునది దాని పేరును. చేబదులును చేబదులనియే పిలిచినచో, కానుక యింకను ఈయవలసియున్నదన్న సంగతి మనకు తెలియును. చేబదులును కానుక యనుకొన్నందున ఋణము తీరిపోయినదను తృప్తితో తాంబూలము పుచ్చుకొని యింటికి బోవుచున్నాము.

భగవద్గీత 17వ అధ్యాయమున సాత్త్వికదానమునకు చెప్పిన లక్షణములు మన యుపన్యాసకుల కందఱకును కంఠస్థములు: తిరిగి యుపకారము చేయనివారికి, తగిన చోట, తగిన కాలమున, తగిన పాత్రునకు ఇచ్చుట. ఈ మూడింటిలో కాలమును మనము పురిటివిషయమున ఎట్లు పాటించుచున్నామో చూడుడు. బాలింతకు ప్రాణాపాయము అధికముగా నుండునది తొలి దినమున, తొలి వారమున. రక్తస్రావము, జ్వరము, పాలు పడకపోవుట, రొమ్ములు గడ్డకట్టుట, కారణము లేని కన్నీరు — ఇవన్నియు ఆ దినములవే. మనమో పురిటిమైల యని పదిదినములు ఆ గది గడప త్రొక్కము. ఇరువదియొకటవనాడు వెండితో వత్తుము. ప్రభుత్వము 2011లో నేర్పఱచిన గృహసందర్శన పద్ధతిని బట్టి ఆశా కార్యకర్త యాసుపత్రి కాన్పయిన బాలింత యింటికి 3, 7, 14, 21, 28, 42 దినములలో రావలెను. మనము పట్టుబట్టలతో దిగునప్పటికి ఆమె రాక నాలుగవది. ఏ చుట్టఱికము లేని స్త్రీ బిడ్డ బరువు తూచి, తల్లికి జ్వరమున్నదేమో చూచి వెళ్ళిన యింటికి, మేనమామ ఉగ్గుగిన్నె పట్టుకొని పోయినాడు!

ఉగ్గుగిన్నె సంగతి వచ్చినది గనుక రెండు మాటలు. ఆఱుమాసములు నిండువఱకు బిడ్డకు తల్లిపాలు తప్ప నీరు గాని, తేనె గాని, ఆముదము గాని పోయరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలెను. వానిని పిండి పాఱబోయు ఆచారము బిడ్డకు దొరకిన తొలి రక్షణను పాఱబోయుటయే. గిన్నె మీద నాకు కోపము లేదు. రొమ్ము పట్టలేని బలహీనశిశువునకు తల్లిపాలను పిండి పట్టుటకు సీసాకంటె శుభ్రపఱచుటకు సులభమైన గిన్నెయే మేలని వైద్యులందురు. దోషము దానిలో పోయుదానిది.

సీసా మాట వేఱు. 1992వ సంవత్సరమున మన పార్లమెంటు చేసిన శిశుపాల ప్రత్యామ్నాయముల చట్టము పాలపొడులకును పాలసీసాలకును ప్రకటనలను నిషేధించినది. అమ్మకమును పెంచుటకై వాని మాదిరులను పంచరాదనియు, గర్భవతిని గాని పసిబిడ్డ తల్లిని గాని కలిసికొని ప్రోత్సహింపరాదనియు విధించినది. వ్యాపారి చేసినచో నేరమగు పనిని బంధువు రంగుకాగితము చుట్టి, పేరు చదివించుకొని చేయుచున్నాడు. చట్టము బంధువును శిక్షింపదు, నిజమే. పాలు చాలవేమోయని లోలోపల భయపడుచున్న తల్లి యెదుట సీసాను బెట్టుట, నీవు చాలవని సభలో చెప్పినట్లే యని ఆ బంధువునకు తెలియదు. ఏ కారణముచేతనైన పైపాలు తప్పని తల్లియుండిన, ఆ విషయమును వైద్యునితో ఆమె తేల్చుకొనును. అది కూడ ఆమెను అడిగియే తెలిసికొనవలసినది.

ఇక తిండి. కాయముముద్ద వండి తెచ్చుటలో తప్పు లేదు. కూర మాన్పించి, నీళ్ళు కొలిచి పోసి, కాయమొక్కటి పెట్టుటయే తప్పు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల స్త్రీలలో నూటికి 58కి మించి రక్తహీనులని తేలినది. కాన్పులలో నూటికి 42 శస్త్రచికిత్సలని తేలినది. రక్తము చాలక, కడుపు కోయించుకొని, అటుపిమ్మట వెల్లుల్లికారముతో అన్నము తిని పాలీయుమనుట ఎట్టి ధర్మము? పదిదినములు వరుసగా పప్పు, మునగాకు, గ్రుడ్డు, పాలు, ఆమె తినునది మరియేదైనను వండి వేళకు పంపువాడు వెండికంటె విలువైనదానిని పంపినవాడు. కాన్పు తరువాత 180 దినములు ఇనుపమాత్రలు మ్రింగవలెనని ప్రభుత్వ వైద్యవిధానము. ఆ మాత్రను ప్రతిదినమును జ్ఞాపకము చేయుట కూడ ఒక కానుకయే. దానికి కాసు ఖర్చు లేదు. అందువలననే కాబోలు ఎవ్వరికిని తోచదు.

ఫిన్లండుదేశమున 1938 మొదలు బీదతల్లులకును, 1949 మొదలు తల్లులందఱకును ప్రభుత్వము ఒక పెట్టె నిచ్చుచున్నది. దుస్తులు, పఱుపు, దుప్పట్లు అందులో నుండును. నాకు నచ్చినది పెట్టె కాదు. పెట్టె కావలెనా, దానికి బదులు రొక్కము కావలెనా యని తల్లినే యడిగి యిత్తురు. నెలలు పెరుగకమునుపే వైద్యుని దర్శించుట మాత్రము నియమము. మన పొరుగున తెలంగాణా ప్రభుత్వమును 2017లో ఇట్టి కిట్టును, దానితో రొక్కమును మొదలుపెట్టినది. ప్రభుత్వమునకు తోచిన యాలోచన బంధువులకు తోచరాదా? అడిగిన కానుక చప్పబడునని కొందఱు వాదింతురు. ఆశ్చర్యము కలిగింపవలెనను కోరిక ఇచ్చువానిది. నిద్ర కావలెనను కోరిక ఆమెది. ఏది ముందు?

ఇంతవఱకు వ్రాసినది నా వంటివారి యింటి సంగతి. కాని ఆ దినమున నా కంటబడినది ఇంకొకటి కలదు. పెరటిలో అంట్లు తోముచున్న స్త్రీకి ఐదువారముల బిడ్డ. వేపకొమ్మకు చీర కట్టి ఉయ్యాల వేసినది. లోపల ఉయ్యాలకు పూలు చుట్టుచున్నారు. వెలుపలి ఉయ్యాలను ఆమె పెద్దకూతురు, ఆఱేడేండ్లది, త్రాడుతో లాగుచున్నది. పత్తితీతల దినములు గనుక ఉదయము మాయింట పాచిపని ముగించుకొని పొలమునకు పోవునట. మా అక్కగారు దయగలది. ఆ దినమున ఆమెకు పాతచీరయు, మిగిలిన పిండివంటలును ఇచ్చినది. మేమందఱము దానిని దానమనుకొంటిమి.

చట్టమేమి చెప్పును? 1961లో ప్రసూతి ప్రయోజన చట్టము వచ్చినది. 2017లో దానిని సవరించి తొలి రెండు కాన్పులకు జీతముతో సెలవును ఇరువదియాఱు వారములు చేసిరి. అది కార్యాలయములలో, కర్మాగారములలో పనిచేయువారి మాట. పెరటిలో అంట్లు తోమునామెకు, పత్తి తీయునామెకు ఆ సెలవు దక్కలేదు. 2013వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టము 4వ సెక్షనులో గర్భవతులకును, కాన్పయిన యాఱుమాసములవఱకు తల్లులకును ఉచితభోజనమును, ఆఱువేల రూపాయలకు తక్కువ కాని ప్రసూతిసహాయమును హక్కుగా వ్రాసిరి. 2017లో మొదలైన మాతృవందన పథకమున తొలిబిడ్డకు ఇచ్చునది ఐదువేలు; రెండవ కాన్పునకు ఆడుబిడ్డయైననే ఆఱువేలు. ఆ కాగితములు నింపి, బ్యాంకిఖాతా చూపి, ఆ సొమ్ము తెప్పించుటకు ఒక చదువరి ఒక పూట ఆమెతో తిరిగినచో అంతకు మించిన కానుక ఏమున్నది? నేను పదునేడేండ్లుగా వకాలతు చేయుచున్నాను. మా యింట పనిచేసిన యే బాలింతకును ఆ పూట నేను ఖర్చు పెట్టలేదు.

అదియు నటుండనిండు. ఆమె ఐదువారములకే పనికి వచ్చినది మాయింటికి. మా అల్లునికి ఉద్యోగశాలవారు బిడ్డ పుట్టినందుకు సెలవిచ్చినపుడు దానిని మేము హక్కు అంటిమి. ఆమెకు రెండునెలలు జీతమిచ్చి ఇంటనుండుమనుట దయ యగుట ఎట్లు? లోపలి గదిలో చేబదులును కానుక యనుకొన్నాము. పెరటిలో తీర్పవలసిన బాకీని దానమనుకొన్నాము. రెండు తప్పులకును మూలమొక్కటే: ఇచ్చువాని మొగము తప్ప పుచ్చుకొనువారి మొగము మనకు కనబడదు.

ఆ రాత్రి నా భార్య వీరులపాటిలో నిలిచిపోయి మూడురాత్రులు బిడ్డను దగ్గఱ పెట్టుకొన్నది. పాలకు మాత్రము తల్లిని లేపెడిది. పెరటియామెకు మకరసంక్రాంతి వఱకు జీతమిచ్చి ఇంటికి పంపుటకు మా అక్క ఒప్పుకొన్నది. మా బావగారు లెక్కలపుస్తకములో దానిని ధర్మము పద్దున వ్రాయబోగా, జీతముల పద్దున వ్రాయుడని నేను పట్టుబట్టితిని. ఆయనకు కోపము వచ్చినది. “ఏమయ్యా ప్లీడరూ, ధర్మమని రాస్తే నా ఇష్టం, జీతమని రాస్తే రేపు ఊళ్ళో ప్రతివాడూ నన్ను తిడతాడు,” అనిరి. ఆయన చెప్పినది అక్షరాల నిజము. జీతముల పద్దుననే వ్రాసిరి. ఆ తరువాత రెండునెలలు ఆయన నాతో మాటలాడలేదు.