యుద్ధమునకు ముందు ఎవరిని అడుగవలెను?

పొరుగువానితో గట్టు తగాదా వచ్చినప్పుడు మనము పెద్దమనుష్యులయొద్దకు పోవుదుము. బావమరదులను, వియ్యంకులను వెంటబెట్టుకొని పోవుదుము. మనము పోవునది తీర్పు వినుటకా, బలగము చూపుటకా? రాజ్యములు యుద్ధమునకు బయలుదేరునప్పుడును ఈ ప్రశ్నయే నిలుచుచున్నది.

1990 ఆగస్టు 2న ఇరాకు కువైటును ఆక్రమించెను. అమెరికా వెంటనే యుద్ధమునకు దిగలేదు. నెలల తరబడి దేశదేశముల సమ్మతి కోరెను. నవంబరు 29న ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో 12 దేశములు బలప్రయోగమునకు ఒప్పుకొనెను. క్యూబా, యెమెను కాదనెను. చైనా తటస్థముగా నుండెను. ఇరాకు మరలిపోవుటకు 1991 జనవరి 15 వరకు గడువిచ్చిరి. అది వినకపోగా జనవరి 17న యుద్ధము మొదలాయెను. ఫిబ్రవరి 28న, కువైటు విడుదల పొందిన పిమ్మట, పోరు ఆపిరి. బాగ్దాదు మీదికి పోలేదు. అనేకుల సమ్మతి బలవంతునికి కళ్లెమువలె ఉండెను. ఇది మేలైన సంగతి.

అయితే యెమెను బీదదేశము. కాదన్న పిమ్మట అమెరికా దానికిచ్చుచుండిన ధనసహాయమును చాలమట్టుకు తీసివేసెను. కాదన్నవానికి శిక్ష పడుచోట అవునన్నవారి మాటకు విలువ ఎంత?

మొదటి రాజుల గ్రంథము 22వ అధ్యాయము చదువుడి. అహాబు యుద్ధమునకు యెహోషాపాతును తోడు పిలిచెను. నాలుగువందలమంది ప్రవక్తలు పొమ్మనిరి. మీకాయా ఒక్కడే కీడు కలుగునని చెప్పెను. అహాబు అతనిని చెరలో వేయించి పోయి, ఆ యుద్ధములోనే చచ్చెను. అతనికి ఆలోచన చెప్పువారు కొదువ కాలేదు. వినుటకు మనస్సే కొదువాయెను.

2003లో అమెరికా, బ్రిటను ఇరాకు విషయమై మరల సమ్మతి కోరెను. ఫ్రాన్సు, జర్మనీ, రష్యా ఒప్పుకొనలేదు. అప్పుడు తీర్మానమును ఓటునకే పెట్టక మార్చి 20న యుద్ధము ప్రారంభించిరి. ఇరాకు దాచియుంచెనని చెప్పిన ఘోరాయుధముల నిల్వలు లేవని 2004లో అమెరికా నియమించిన పరిశోధకులే తేల్చిరి. అప్పటికే వేలకొలది ప్రాణములు పోయెను. కాదన్నవారి మాట విరోధమువలె కనబడినను, అది హెచ్చరికయై యుండెను.

పదిమంది ఒప్పుకొనినంతమాత్రమున అన్యాయము న్యాయము కాదు. అయినను అడుగుట వ్యర్థము కాదు. వద్దన్నయెడల ఆగుటకు సిద్ధపడి అడిగినవాడే నిజముగా అడిగినవాడు. తక్కినవాడు సాక్షులను పోగుచేసికొనుచున్నాడు. రాజ్యముల సంగతి అట్లుండనిండు. రేపు గట్టు దగ్గర పెద్దలు మనలను వద్దన్నయెడల, మనము ఆగుదుమా?