కంటి ఆపరేషన్ తర్వాత రెండో బాణం





పాతబస్తీలో ఏ వాడకైనా పోయి చూడండి. గౌలిపురా, ఉప్పుగూడ, జంగమ్మెట్, ఛత్రినాక, ఎక్కడైనా సరే, శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు కనిపిస్తారు. 2018లో ఒకసారి, 2023లో మరోసారి కంటి వెలుగు శిబిరాలు జరిగాక శుక్లం అంటే ఏమిటో చాలా ఇళ్లకు తెలిసింది. పాత లెన్సు తీసి కొత్త లెన్సు వేస్తారని, భయపడాల్సిన పని లేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. మంచిదే. ఎక్కువమందికి చూపు చక్కగానే వస్తుంది. ఈ కరపత్రం వాళ్ల కోసం కాదు.

ఆపరేషన్ అయి, పట్టీ తీసి, చుక్కల మందు సీసాలన్నీ అయిపోయినా "అనుకున్నంత కనబడుతలేదు" అని లోపల్లోపల కుమిలిపోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. వాళ్లు ఎవరికీ చెప్పరు. చెబితే కొడుకు తెచ్చిన అప్పు గుర్తుకొస్తుంది. ఉచితంగా చేయించుకున్నవాళ్లకైతే అసలే నోరు రాదు. "ఊరికే చేసిండ్రు, మళ్ల పోయి ఏమని అడుగుత బిడ్డా?" అంటారు. మగ్గం పని చేసే అక్కకు సూదిలోకి దారం పోదు. చెప్పులు కుట్టే అన్నకు రాత్రి పూట ఎదురొచ్చే బండి లైటు చుట్టూ వెలుగు రింగులు కనిపిస్తాయి. చివరికి అందరూ ఒకే మాట దగ్గర ఆగిపోతారు: "నా ఖర్మ."

ఆ మాట దగ్గర ఆగిపోవద్దనే చెబుతుంది ధమ్మం.

రెండు బాణాలు

సల్ల సుత్తంలో తథాగతుడు ఒక పోలిక చెప్పాడు. ఒక మనిషికి బాణం తగిలింది. నొప్పి పుట్టింది. అది ఎవరికైనా పుట్టేదే. ఆ వెంటనే అదే మనిషికి ఇంకో బాణం తగిలితే? మొదటిది శరీరానికి కలిగే బాధ. రెండోది ఆ బాధను చూసి మనసు పడే గోడు: ఏడ్వడం, గుండెలు బాదుకోవడం, తనను తాను తిట్టుకోవడం. ధమ్మం తెలిసినవాడికి మొదటి బాణం తగలదని బుద్ధుడు అనలేదు. అది తగులుతుంది. రెండోది మాత్రం తగలదన్నాడు.

దీన్ని మన కంటికి అన్వయించుకుందాం. చూపు మసకగా ఉండటం మొదటి బాణం. "నా బతుకింతే, నేనిక ఎందుకూ పనికిరాను, ఏ జన్మలో ఏం పాపం చేసుకున్ననో" అనుకోవడం రెండో బాణం. ఈ రెండింటినీ కలిపి ఒకే బాధ అనుకోవడం వల్ల మనం రెండు విధాలా నష్టపోతున్నాం. మొదటిదానికి వైద్యం చేయించం. రెండోదానికి ధమ్మం వాడం.

ముందు మొదటి బాణాన్ని చూడండి

అష్టాంగ మార్గంలో మొదట చెప్పేది సమ్మా దిట్ఠి, అంటే సరైన చూపు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటం. కాబట్టి మసకను చూసి బెంగపడే ముందు అది ఎందుకు వచ్చిందో కనుక్కోండి. కారణం లేకుండా ఏదీ రాదని చెప్పిందే మన ధమ్మం.

మొదటి కారణం అద్దాలు. మామూలుగా వేసే లెన్సు ఒకే దూరానికి పనిచేస్తుంది. దూరంగా ఉన్న బస్సు బోర్డు కనిపించేలా వేస్తే, దగ్గరి అక్షరాలకూ సూదికీ అద్దాలు కావాల్సిందే. ఇది ఆపరేషన్ చెడిపోవడం కాదు. దూరానికి కూడా కొంత నంబరు మిగిలిపోవచ్చు. ఎందుకంటే లెన్సు నంబరును ముందే కంటిని కొలిచి లెక్కగడతారు. ఆ లెక్క కొద్దిగా అటూఇటూ కావచ్చు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు లోకంలోనే మొదటిసారి మనిషి కంట్లో కృత్రిమ లెన్సు పెట్టాడు. యుద్ధ విమానాల పైకప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో ఉండిపోయినా కన్ను వాటిని భరించిందని గమనించి ఆ పని చేశాడు. ఆ మొదటి పేషెంటుకు ఆపరేషన్ తర్వాత చాలా పెద్ద మైనస్ నంబరు మిగిలింది. అయినా ఆ దారి తప్పు కాలేదు. లెక్కను సరిచేసుకుంటూ వచ్చారు. ఇప్పుడు కంటి గాయం మానాక, నెల నుంచి నెలన్నర మధ్యలో, కళ్లద్దాల నంబరు చూసి రాస్తారు. మనలో చాలామంది ఈ చివరి పరీక్షకే పోరు. ఆపరేషన్ అయింది కదా అని ఊరుకుంటారు.

రెండో కారణం పొర. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో ఏళ్లకో కొత్త లెన్సు వెనక ఉండే సంచి మసకబారవచ్చు. "శుక్లం మళ్లీ వచ్చింది" అనుకుంటారు. కాదు. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో, కోత లేకుండా, దారి చేస్తారు.

మూడో కారణం కంటి వెనక భాగం. ఫోన్ కెమెరా మీది గాజు మార్చినా లోపలి భాగం పాడైతే ఫొటో మసకగానే వస్తుంది కదా. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నా, కంటి ప్రెషర్ వల్ల నరం ఎండినా, వయసుతో రెటీనా మధ్య భాగం అరిగినా కొత్త లెన్సు దాన్ని బాగుచేయలేదు. శుక్లం ముదిరి ఉన్నప్పుడు లోపల ఏముందో డాక్టరుకు కూడా పూర్తిగా కనిపించకపోవచ్చు. ఇవి కాక కన్ను పొడిబారడం, రెటీనాలో నీరు చేరడం ఉంటాయి. వీటికి మందులున్నాయి. దూరం, దగ్గర రెండూ కనిపించే ఖరీదైన లెన్సు వేయించుకున్న కొందరికి రాత్రి లైట్ల చుట్టూ రింగులు కనిపిస్తాయి. చాలామందికి నెలలు గడిచేకొద్దీ అవి తగ్గుతాయి, లేదా అలవాటవుతాయి.

ఒక హెచ్చరిక. కంట్లో నొప్పి, బాగా ఎరుపు, చూపు ఒక్కసారిగా పడిపోవడం, మెరుపులు, నల్ల చుక్కల వాన, తెర దిగినట్టు నీడ, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. 2016లో మన నగరంలోనే, సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో, శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇన్‌ఫెక్షన్ సోకి కొందరు చూపు పోగొట్టుకున్నారు. అలాంటివి అరుదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. లక్షణం తెలిసినవాళ్లు ఆలస్యం చేయరని చెబుతున్నాం.

డాక్టరు దగ్గరకు పోయినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. గుర్తుండకపోతే ఈ కరపత్రాన్నే చూపించండి.

1. నాకు ఏ రకం లెన్సు వేశారు? ఆ లెన్సు కార్డు నాకు ఇస్తారా?
2. నాకు ఇప్పుడు అద్దాల నంబరు ఎంత?
3. లెన్సు వెనక పొర వచ్చిందా?
4. రెటీనా, నరం ఎలా ఉన్నాయి? షుగర్ దెబ్బ ఉందా?
5. ఇంకా ఎంత చూపు రావచ్చు? రాకపోతే నేనేం చేయాలి?

ఉచితంగా చేయించుకున్నా అడగవచ్చు. అది భిక్ష కాదు. సర్కారు ఆసుపత్రి నడిచేది మనం కొనే అగ్గిపెట్టె మీది పన్నుతో కూడా. గౌరవంగా అడగండి, తల దించుకోకుండా అడగండి. చదువు, పోరాటం, సమీకరణ అని బాబాసాహెబ్ చెప్పింది ఊరేగింపుల కోసమే కాదు, డాక్టరు గదిలో కుర్చీ మీద కూర్చున్నప్పటి కోసం కూడా.

"ఖర్మ" అనే రెండో బాణం

ధమ్మపదంలో మొదటి గాథకు అట్ఠకథలో ఒక కథ ఉంది. చక్ఖుపాలుడనే భిక్షువు వర్షావాసం మూడు నెలలూ పడుకోనని నియమం పెట్టుకున్నాడు. కంటికి జబ్బు చేసింది. వైద్యుడు పడుకుని మందు వేసుకోమన్నాడు. ఆయన కూర్చునే వేసుకున్నాడు. చూపు పోయింది, అర్హతుడూ అయ్యాడు. తర్వాత ఒక రాత్రి నడుస్తూ పురుగులను తొక్కాడని తోటి భిక్షువులు తప్పు పట్టారు. ఆయనకు చంపాలనే ఉద్దేశం లేదు కాబట్టి పాపం లేదని బుద్ధుడు తేల్చాడు. ఇంతవరకు మనకు దీపంలాంటి కథ. మనసే ముందు నడుస్తుందని చెబుతుంది.

కానీ అదే కథ చివర ఇంకో ముక్క ఉంది. గత జన్మలో వైద్యుడిగా ఉండి ఒక స్త్రీ కళ్లు పోగొట్టినందుకు ఈ జన్మలో ఈయన కళ్లు పోయాయని చెబుతుంది. ఇది వినగానే మనకు చెవులు నిక్కబొడుచుకోవాలి. ఎందుకంటే ఈ మాట మనం వేరేచోట విన్నాం. "పోయిన జన్మలో పాపం చేసిండ్రు కాబట్టి ఈ కులంలో పుట్టిండ్రు" అని తాతలను బావి దగ్గరికి రానివ్వనిది ఈ మాటే. బాబాసాహెబ్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో దీన్ని సూటిగా ఎదుర్కొన్నారు. బుద్ధుడి కమ్మ నియమం ఈ జన్మలో చేసే పనులకు, వాటి ఫలితాలకు సంబంధించిందే అన్నారు. గత జన్మ కర్మ అనే వాదన పేదవాడి స్థితికి సమాజం, రాజ్యం బాధ్యత తప్పించుకోవడానికే పనికొస్తుందని తేల్చారు.

ఇదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ 1913లోనే బుద్ధ జయంతి జరిపారు. మూఢనమ్మకాల మీద మన పెద్దలు నూరేళ్లకు పైగా పోరాడుతున్నారు. కులం విషయంలో గత జన్మను కాదన్న మనం కంటి విషయంలో దాన్ని ఎట్లా ఒప్పుకుంటాం? మీ అమ్మకు చూపు రాకపోవడానికి కారణం ఆమె పాపం కాదు. పదేళ్లుగా పరీక్ష చేయించుకోని షుగర్ కావచ్చు. పరీక్ష చేయించుకునే తీరిక, పైసలు లేని బతుకు కావచ్చు. మొదటిది మందుతో, రెండోది పోరాటంతో మారుతుంది. ఖర్మ అంటే ఏదీ మారదు.

ఇంకో మాట. చక్ఖుపాలుడి నిష్ఠను మెచ్చుకుని మందు మానేయకండి. మనది మధ్యమ మార్గం. తథాగతుడు కూడా జీవకుడనే వైద్యుడి చేత మందు పుచ్చుకున్నవాడే.

మసక మిగిలిపోతే

అన్ని పరీక్షలూ అయ్యాయి. అద్దాలు మార్చారు. "ఇంతకన్నా రాదు" అని డాక్టరు తేల్చారు. అప్పుడేం చేయాలి? ఇదే అన్నింటికన్నా కష్టమైన చోటు. తేలిక మాటలు చెప్పి దాటించలేం. దుఃఖం ఉందని ఒప్పుకోవడంతోనే ధమ్మం మొదలవుతుంది. కాబట్టి బాధపడండి, చెప్పుకోండి, ఏడుపొస్తే ఏడ్వండి. అక్కడే కూలబడకండి.

నకులపిత అనే ముసలి గృహస్థు బుద్ధుడి దగ్గరికి వచ్చి, ఒళ్లు సహకరించడం లేదని చెప్పుకున్నాడు. శరీరానికి జబ్బు చేసినా మనసుకు జబ్బు చేయకుండా చూసుకోవడం నేర్చుకోమని బుద్ధుడు ఆయనకు చెప్పాడు. "ఈ కన్నే నేను" అనుకుంటే కన్నుతోపాటు నేనూ మసకబారతాను. కన్ను నాకున్న వాటిలో ఒకటి. చేతులున్నాయి, చెవులున్నాయి, మాటుంది, మైత్రి ఉంది.

బాబాసాహెబ్‌నే చూడండి. చివరి ఏళ్లలో షుగరుతో ఆయన చూపు బాగా తగ్గింది, కాళ్లు సహకరించలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందికి దీక్ష ఇచ్చింది ఆ ఒంటితోనే. ఆయన రాసిన పేజీలను నానక్‌చంద్ రత్తు టైపు చేసేవారు. ఆ పుస్తకం ఆయన పోయాక 1957లో వెలువడింది. ఆయన సాయం తీసుకోవడానికి సిగ్గుపడలేదు. మనకెందుకు సిగ్గు?

తక్కువ చూపుతో పని నడుపుకోవడం కూడా ఒక విద్యే. బంజారాహిల్స్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దాన్ని నేర్పే ప్రత్యేక విభాగం ఉంది. భూతద్దాలు, వాటిని వాడే పద్ధతి చూపిస్తారు. ఇంట్లో కూడా కొన్ని చేయవచ్చు. మన పాత ఇళ్ల ఇరుకు మెట్ల అంచులకు తెల్ల రంగు గీత వేయండి. మెట్ల దగ్గర బల్బు పెట్టండి. చదివేటప్పుడు, కుట్టేటప్పుడు వెలుగు కళ్లలోకి కాకుండా భుజం మీదుగా పని మీద పడాలి. తెల్ల అన్నం రంగు పళ్లెంలో తేలిగ్గా కనబడుతుంది. సూదిలో దారం ఎక్కించే చిన్న తీగ లాడ్‌బజార్‌లో దొరుకుతుంది. షుగర్ మాత్రలు ఆపకండి. రెండో కన్నుకు ఆపరేషన్ కావాల్సి వస్తే, మొదటి కంటి సంగతి డాక్టరుకు వివరంగా చెప్పి, అడగాల్సినవన్నీ అడిగాకే ఒప్పుకోండి.

సంఘం చేయాల్సింది

ఒక భిక్షువు విరేచనాలతో తన మలంలోనే పడి ఉంటే ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ఎవరికీ ఏమీ చేసిపెట్టడు కాబట్టి చూడలేదన్నారు. బుద్ధుడు, ఆనందుడు కలిసి ఆయనను కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఇక్కడ మీకు తల్లీ తండ్రీ లేరు, మీరే ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని బుద్ధుడు అడిగాడు. రోగికి చేసిన సేవ తనకు చేసినట్టేనన్నాడు.

కాబట్టి ఈ నెల ప్రతి ధమ్మ కుటుంబానికీ ఒక పని. మీ వాడలో ఆపరేషన్ అయ్యి ఇంట్లో మౌనంగా కూర్చున్న ఒక్క పెద్దమనిషిని పలకరించండి. "కండ్లు ఎట్లున్నయ్?" అని అడిగి, జవాబు చివరిదాకా వినండి. కాగితాలు ఒక సంచిలో పెట్టి, మెహదీపట్నం దాకా తోడు పొండి. చదువుకున్న పిల్లలు ఆ ఐదు ప్రశ్నలు అడగండి, జవాబులు రాసుకోండి. ఆదివారం వందన అయ్యాక వాళ్లకు పావుగంట పత్రిక చదివి వినిపించండి.

చూపు పూర్తిగా రావచ్చు, రాకపోవచ్చు. మొదటి బాణం మన చేతిలో కొంతే ఉంది. రెండో బాణం పూర్తిగా మన చేతిలో ఉంది. మనం వేసుకోవద్దు, మనవాళ్లకు తగలనివ్వొద్దు.

భవతు సబ్బ మంగళం. సాధు, సాధు, సాధు!
జై భీమ్!